సముద్రం బాకీ తీర్చే నది

అక్కా,

"ఆట తయారు చేయడమంటే ఏంట్రా, కూర్చుని బొమ్మలు గీస్తావా?" అని మొన్న ఫోన్లో అడిగావు. నేను చెప్పేలోపే బావ పిలిచారని పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం.

బల్ల చుట్టూ కూర్చుని, తలో పాత్రా తీసుకుని, మాటలతోనే కథ నడిపే ఆటలుంటాయి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అలాంటిదే, నా ఆటా ఆ కోవలోదే. వాటిల్లో ఆట నడిపే గేమ్ మాస్టర్ అని ఒకరుంటారు. మామూలుగా కథ జరిగే లోకాన్ని ఆయనే కట్టుకొస్తాడు, మిగతావాళ్లు అందులో తిరుగుతారు. నా దాంట్లో కట్టేదీ తిరిగేదీ ఆడేవాళ్లే.

మొదటిసారి ఆ లోకం మ్యాప్ కోసం తెల్ల కాగితం పరిచి "మీ ఇష్టం, ఏదైనా గీయండి" అన్నాను. నలుగురూ నా మొహం చూశారు. ఒకడైతే పెన్సిల్ చెక్కుతూనే కూర్చున్నాడు. ఏదైనా అంటే ఎవరికీ ఏమీ తోచదు కదా. ఇప్పుడు చీటీల మీద ప్రశ్నలు రాసి పంచుతున్నాను: "ఈ బావి నీళ్లు ఎవరూ తాగరు. ఎందుకు?" ఇక వాళ్లని ఆపడమే కష్టం.

ఒకరన్నది ఆ లోకంలో నిజమైపోతుంది. పక్కవాళ్లు దానికి కలపచ్చు, కొట్టేయకూడదు. పోయిన వారం ఒకమ్మాయి పొరపాటున నదిని సముద్రంలోంచి కొండ మీదికి ఎక్కించింది, బాణం గుర్తుతో సహా. రబ్బరు అడిగితే ఇవ్వలేదు. ఎందుకలా పారుతోందని అడిగాను. కాసేపు పెన్సిల్ కొరికి, "సముద్రం కొండకి బాకీ తీరుస్తోంది" అంది. మూడు గంటలూ ఆ బాకీ చుట్టూనే నడిచింది ఆట. అసలెంత? తీరిపోయిన రోజున నది ఏమవుతుంది? నెల్రోజులు కూర్చున్నా ఆ మాట నాకు తట్టేది కాదక్కా, కాస్త కుళ్లుకున్నాను కూడా.

ఇంకోటి. ముడి వేసినవాడే విప్పుకుంటే పస ఉండదు, పొడుపుకథ వేసి తనే జవాబు చెప్పేసినట్టు. అందుకని నీ కోటకొచ్చే ఆపదేమిటో నీ పక్కవాళ్లు చెప్పాలి. తలపెట్టిన పని అవుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. రెండు వేస్తే 36 రకాలుగా పడతాయి. 10, ఆపైన పడితే పని పూర్తిగా అయినట్టే, కానీ దానికున్నవి 6 రకాలే. 7 నుంచి 9కి 15: పని అవుతుంది గానీ ఏదో ఒకటి పోతుంది. ఏం పోవాలో ఆ చోటు కట్టినవాళ్లు తేలుస్తారు. మిగతా 15 బోల్తా.

మ్యాప్‌లో కొండ పక్క మూల ఖాళీగా ఉంది. అక్కడో గుడిసె. రాత్రుళ్లు అందులో దీపం ఆర్పరు. ఎందుకు? ఆదివారం ఆటలోపు జవాబు పంపు. ఒక్క వాక్యం చాలు.

నీ తమ్ముడు