త్రాసు లేకుండా పచ్చి మాంసం పెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ నగరంలో పామరేనియన్, షిట్జు, పగ్, డాష్‌హండ్ లాంటి చిన్న కుక్కలున్న ఇళ్లలో పచ్చి మాంసం పెట్టడం ఈమధ్య బాగా పెరిగింది. ఏళ్ల తరబడి పెరుగన్నం, పాలలో నానబెట్టిన బ్రెడ్డు తిన్న ప్రాణికి మాంసం దొరకడం మంచిదే. కానీ చాలామంది ఆదివారం చికెన్ షాపులో కిలో బోన్‌లెస్ కొట్టించుకొచ్చి, ఫ్రిజ్‌లో పెట్టి, పూటకో గుప్పెడు గిన్నెలో వేస్తున్నారు. అది సగం ఆహారమే. మిగతా సగం లేకపోతే ఏమవుతుందో, ఎలా సరిచేసుకోవాలో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చూడాల్సింది కాల్షియం. వంద గ్రాముల బోన్‌లెస్ చికెన్‌లో ఫాస్ఫరస్ 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, కాల్షియం మాత్రం 10, 12 మిల్లీగ్రాములే. కుక్క ఒంటికి ఈ రెండూ కనీసం సమానంగా కావాలి, కాల్షియం కాస్త ఎక్కువున్నా మంచిదే. తిండిలో రానప్పుడు, రక్తంలో కాల్షియం పడిపోకుండా శరీరం బొక్కల్లోంచి దాన్ని లాక్కుంటుంది. ఎదిగే కూనల్లో ఇది కొన్ని వారాల్లోనే బయటపడుతుంది. ఆటకు రాదు, ఎత్తుకుంటే అరుస్తుంది, ముందుకాళ్లు వంకర తిరుగుతాయి, సోఫా మీంచి దూకినా కాలు విరుగుతుంది. ఎదిగిన కుక్కలో నెలలు పడుతుంది కాబట్టి ఎవరూ గమనించరు. ‘పాలు పోస్తున్నాం కదా’ అంటారు. పాలలో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా దాదాపు అంతే ఉంటుంది. పాలు తమ లెక్క తాము సరిచూసుకుంటాయి తప్ప మాంసం బాకీ తీర్చవు.

ఆ బాకీ తీర్చేది ప్రతి ఇంట్లో పారేసే కోడిగుడ్డు పెంకు. పెంకులు కడిగి పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, బాణలిలో సన్నమంట మీద తేమ పోయేదాకా వేయించి, మిక్సీలో గోధుమపిండి అంత మెత్తగా పట్టాలి. పలుకు తగిలితే జల్లెడ పట్టి మళ్లీ వేయాలి. బరక పొడి సరిగా అరగదు. అరకిలో బోన్‌లెస్ మాంసానికి అర టీస్పూను పొడి, అంటే సుమారు 3 గ్రాములు చాలు. ఇది బొక్క లేని మాంసానికే. బొక్కలూ పెట్టి, పెంకు పొడీ కలిపి, పైన కాల్షియం సిరప్పు కూడా పోస్తే మలబద్ధకం వస్తుంది, ఒంటికి జింకు పట్టడం తగ్గుతుంది. ఈ మూడింటిలో ఒక్కటే ఎంచుకోండి.

ఇక పరిమాణం. ఒంటి బరువులో రెండు మూడు శాతం పెట్టాలన్న లెక్క అందరి నోటా వినిపిస్తోంది. అది ల్యాబ్రడార్‌కు సరిపోతుంది, నాలుగు కిలోల పామరేనియన్‌కు సరిపోదు. ఒళ్లు చిన్నదయ్యే కొద్దీ కిలోకు ఖర్చయ్యే శక్తి పెరుగుతుంది. కదలకుండా పడుకున్నా ఒంటికి కావలసిన కేలరీల లెక్క ఇది: బరువుకు 0.75 ఘాతం కట్టి 70తో గుణించాలి. నాలుగు కిలోల కుక్కకు అది దాదాపు 198 కేలరీలు. రెండున్నర శాతం చొప్పున పెడితే వంద గ్రాములు. కొవ్వు తీసిన మాంసంలో వంద గ్రాములకు 115, 120 కేలరీలకు మించి ఉండవు. అంటే ఆ కుక్క రోజూ పస్తుంటున్నట్టే. నాలుగు కిలోల కుక్కకు అయిదు శాతం, అంటే 200 గ్రాములతో మొదలుపెట్టి, వారానికోసారి తూచి పది శాతం అటో ఇటో సర్దుకోవాలి. ఎనిమిది కిలోలకు నాలుగు శాతం చాలు. పక్కన చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి, కంటికి కనిపించకూడదు.

ఆ 200 గ్రాములు ఎలా కూడాలో చెబుతాను. తోలు తీసిన తొడ మాంసం బోన్‌లెస్ 130 గ్రాములు, గుండెకాయ, కందనకాయ కలిపి 40, కోడి కార్జం (కాలేయం) 10, మేక గుర్దా (మూత్రపిండం) గానీ తిల్లి (ప్లీహం) గానీ 10, మెత్తగా ఉడికించిన బీరకాయో గుమ్మడికాయో 10. దీనికి పెంకు పొడి గ్రాము కంటే కాస్త ఎక్కువ. వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచాలి, కంటి అంచనా పనికిరాదు. కందనకాయ, గుండెకాయ షాపులో ‘లివర్’తో కలిపి అమ్ముతారు కాబట్టి అన్నీ ఒకటే అనుకుంటారు. ఆ రెండూ కండ కిందే లెక్క. కార్జం వేరు. అందులో విటమిన్ ఏ దండిగా ఉంటుంది, చవకగా దొరుకుతుందని రోజూ గిన్నె నిండా పెడితే నెలల తర్వాత మెడ, కీళ్లు బిగుసుకుపోతాయి. పాళ్లు కుదిరినా జింకు, అయోడిన్, మాంగనీసు, విటమిన్ ఈ, విటమిన్ డి తక్కువే పడతాయి. వారానికి రెండు మూడు సార్లు చికెన్ బదులు మటన్ పెడితే జింకు కొంత కలుస్తుంది. కవ్వలు (సార్డైన్ చేపలు) ఉడికించి ముళ్లు తీసి వారానికి రెండుసార్లు పెడితే విటమిన్ డి, ఒమేగా-3 అందుతాయి. చేపను పచ్చిగా పెట్టొద్దు, కొన్ని రకాల్లో బీ1 విటమిన్‌ను చెరిపేసే పదార్థం ఉంటుంది. మిగిలిన వాటికి ఏ సప్లిమెంటు, ఎంత మోతాదు అన్నది పశువైద్యుడు కుక్కను చూసి చెప్పాలి.

బొక్క నమిలితే పళ్లు శుభ్రపడతాయన్నది కొంతవరకు నిజమే. అయినా అయిదు కిలోల లోపు కుక్కకు, ముఖం నొక్కుకుపోయిన పగ్, షిట్జులకు నేను బొక్క సిఫారసు చేయను. కోడి మెడ ముక్కను ఇవి నమలకుండా మింగబోతాయి, అది గొంతులో అడ్డం పడుతుంది. మొద్దు మీద కత్తితో కొట్టిన ముక్కల అంచులు సూదుల్లా ఉంటాయి. నల్లి బొక్కలతో వెనక పెద్ద పన్ను నిలువునా చీలుతుంది. ఉడికిన బొక్క మాత్రం ఏ కుక్కకూ, ఎప్పుడూ వద్దు. బిర్యానీ ప్లేటులో మిగిలిన లెగ్ పీసు బొక్క పెళుసుబారి చీలికలై పేగును చీరేస్తుంది. బొక్క తినే పెద్ద కుక్కల విషయంలో మలాన్ని చూడండి. సుద్దముక్కలా తెల్లగా పొడిపొడిగా ఉంటే బొక్క ఎక్కువైంది. నల్లగా జారుడుగా ఉంటే కార్జం ఎక్కువై ఉండొచ్చు, రెండు రోజుల్లో సర్దుకోకపోతే డాక్టరుకు చూపించండి.

పచ్చి మాంసంతో అసలు భయం క్రిములు. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, ఈ-కొలి ఫ్రీజర్‌లో చావవు, నిద్రపోతాయంతే. కుక్కకు ఏమీ కాకపోయినా దాని మలంలో, మూతిలో అవి ఉంటాయి, మూతి నాకించుకునే పిల్లలకు అంటుకుంటాయి. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 2012 నుంచీ పచ్చి మాంసాహారం వద్దనడానికి కారణం ఇదే. 2018లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుక్కల్లో వచ్చే ఒక రకం పక్షవాతానికి పచ్చి చికెన్‌తో, అందులోని కాంపైలోబాక్టర్‌తో సంబంధం ఉందని చూపించారు. అది వెనక కాళ్లలో మొదలై రోజుల్లో ముందుకాళ్లకు పాకుతుంది. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, కీమోథెరపీలో ఉన్నవారు ఉంటే పచ్చి ఆలోచనే మానేయండి. పైన చెప్పిన బోన్‌లెస్ పాళ్లనే ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా కొద్ది నీళ్లలో ఉడికించి, చల్లారాక పెంకు పొడి కలిపి, ఆ నీళ్లతో సహా పెట్టండి. కుక్కకు పోయేది చాలా తక్కువ.

పచ్చిగానే పెట్టదలచినవారు కొనేటప్పుడే జాగ్రత్త పడాలి. ఆదివారం మధ్యాహ్నం దాకా ఎండలో వేలాడిన కోడి వద్దు. పొద్దున్నే వెళ్లి, ముక్కలు కొట్టకుండా తొడలు పూర్తిగా ఇవ్వమని అడిగి, ఇంట్లోనే బొక్క తీసుకోండి. షాపు మొద్దు మీద రోజంతా పడిన రక్తం, పేగుల మురికి కొట్టిన ప్రతి ముక్కకూ పడుతుంది. ఖీమా కొట్టిస్తే ఆ మురికి లోపలిదాకా కలుస్తుంది. బోన్‌లెస్ ముక్కను ఒక్క నిమిషం మరిగే నీళ్లలో ముంచి తీస్తే పైనున్న క్రిములు చాలావరకు పోతాయి. తెచ్చిన రోజే పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెట్టండి. వాడే ముందు రాత్రి మూత ఉన్న స్టీలు డబ్బాతో ఫ్రిజ్ కింది అరలోకి దింపండి, గట్టు మీద కరగనివ్వొద్దు. మే నెలలో కరెంటు పోయి మాంసం మెత్తబడి వెచ్చనైతే మళ్లీ గడ్డ కట్టించకుండా పారేయండి. గిన్నెలో పెట్టాక ఇరవై నిమిషాల్లో తినకపోతే తీసేయండి. గిన్నె, పలక, కత్తి వేరుగా ఉంచి, వేడినీళ్లు, సబ్బుతో కడగండి.

మేక, గొర్రె కార్జం, ఊపిరితిత్తుల్లో నీటిబుడగల్లాంటివి కనిపిస్తే అవి హైడాటిడ్ తిత్తులు కావచ్చు. వాటిని పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో కొన్ని మిల్లీమీటర్ల బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మలంతో బయటపడి మనిషి కడుపులోకి చేరితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడతాయి. అందుకే మేక, గొర్రె అవయవాలు ఏవైనా, పైన చెప్పిన గుర్దా, తిల్లి సహా, ఉడికించే పెట్టండి. మటన్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ముద్ర ఉన్నదే కొనండి. ప్రాజిక్వాంటెల్ ఉన్న నులిపురుగుల మందు డాక్టరు చెప్పిన గడువుకు వేయించండి. పచ్చి పంది మాంసం అసలు వద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినట్టు బర్డ్ ఫ్లూ వార్త వస్తే, అది సద్దుమణిగేదాకా కోడి మాంసం బాగా ఉడికించే పెట్టండి.

పెరుగన్నం నుంచి ఒక్కసారిగా మాంసానికి మార్చొద్దు. పది పన్నెండు రోజుల్లో, పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి. మొదట ఒకే మాంసం, కార్జం చివర్లో. చిన్న జాతుల్లో పాంక్రియాస్ వాపు తరచూ చూస్తాం. కోడి తోలు, మటన్ కొవ్వు దాన్ని రేపుతాయి. పదేపదే వాంతి చేసుకుంటూ, ముందుకాళ్లు చాచి నడుము పైకెత్తి వంగితే రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చిన్న జాతి కూనలను అరగడం లేదని పస్తు పెట్టొద్దు, రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛ వస్తుంది. మూడు నెలల లోపు కూనకు రోజుకు నాలుగు పూటలు పెట్టాలి. కూనలకు ఇంటి లెక్క కాదు, డాక్టరు రాసిచ్చిన లెక్కే వాడండి.

ఇదంతా ఒక్కొక్కరికీ విడివిడిగా చెబితే అయ్యే పని కాదు. రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. మన షాపుల్లో దొరికే కందనకాయ, గుర్దా, తిల్లి, కవ్వల పేర్లతోనే, రెండు కిలోల నుంచి పది కిలోల కుక్కల దాకా గ్రాముల్లో లెక్క కట్టిన పట్టికను ఈ రెండూ కలిసి తెలుగులో తేవాలి. నగరంలో గడ్డకట్టించిన పచ్చి ఆహారం ప్యాకెట్లు అమ్మేవారు కాల్షియం, ఫాస్ఫరస్, కేలరీలు, తయారు చేసిన తేదీ ప్యాకెట్ మీద తెలుగులో అచ్చువేయాలి. అవి లేని ప్యాకెట్ కొనకండి.

ఇట్లు,
ఒక పశువైద్యుడు,
సికింద్రాబాద్.