మూలకణాల సూదికి నాలుగు లక్షలు: ఆరోగ్య మంత్రి గారికి నెల్లూరు జిల్లా నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది ఆత్మకూరు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యాను. గుండె బొమ్మ బోర్డు మీద గీసి, నాలుగు గదులకూ రంగు సుద్దలు పూసి ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. ఆ పాఠంలో 'ఈఎఫ్' అనే మాట లేదు. మా తమ్ముడి ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో మొదటిసారి చదివాను. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో, గుండె ఒకసారి ముడుచుకుంటే బయటికి పోయేది నూటికెంత అన్న లెక్క అది. మామూలుగా 55 పైన ఉండాలి. వాడికి 30.

వాడు రైతు. కోతల రోజుల్లో ఛాతీ పట్టేస్తే గ్యాసనుకుని సోడా తాగి పడుకున్నాడు. నెల్లూరు చేరేసరికి ఆరు గంటలు దాటింది. స్టెంటు వేశారు, ప్రాణం దక్కింది. అప్పటికే చచ్చిన కండరం మాత్రం చచ్చిందే.

రెండు నెలలకు ఎవరో చుట్టాలు వాట్సాప్‌లో వీడియో పంపారు. పక్క రాష్ట్రంలో ఒక సెంటరు. నడుం ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను, అంటే వేరే రకం కణాలుగా మారగలిగే కణాలను, గుండెకు ఎక్కిస్తే కండరం మళ్ళీ మొలుస్తుందట. నాలుగు లక్షలు. ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడారు, ఈఎంఐ కూడా ఉందన్నారు. తమ్ముడు అరెకరం బేరానికి పెట్టి నా దగ్గరికొచ్చాడు. "అన్నా, నువ్వు బయాలజీ సారువి గదా. మొలుస్తుందా, మొలవదా? ఒక్క మాట చెప్పు" అన్నాడు.

ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నెల పట్టింది. ఇంగ్లీషు చదవగలిగిన వాణ్ణి కాబట్టి నెల. అందుకే మీకు ఈ ఉత్తరం.

నేను తెలుసుకున్నది ఇది. పెద్ద గుండెపోటులో వంద కోట్ల దాకా కండర కణాలు పోతాయి. వాటి చోట మచ్చ కడుతుంది. కొత్త కణాలు అసలు పుట్టవా అంటే, పుడతాయి. ఒకప్పటి అణుబాంబు పరీక్షల వల్ల గాల్లో చేరిన రేడియోధార్మిక కార్బన్ మన కణాల్లో ఎంతుందో కొలిచి, స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో లెక్క తేల్చారు: పాతికేళ్ళ వయసులో ఏడాదికి నూటికి ఒక కణం మారుతుంది, డెబ్బై ఐదేళ్ళకు అందులో సగం కూడా మారదు. మన దేశపు వాగుల్లో తిరిగే జీబ్రా చేపకైతే గుండె జఠరికలో ఐదో వంతు కోసేసినా రెండు నెలల్లో పెరుగుతుంది. చేపల పులుసుకు పేరుపడ్డ జిల్లా వాళ్ళం, ఆ చేపకున్న విద్య మనకు అబ్బలేదు. పుట్టిన రోజున ఎలుక పిల్లకు ఆ శక్తి ఉంటుంది, వారం తిరిగేసరికి పోతుంది.

మూలుగ కణాలు గుండెలో కండరంగా మారతాయన్న ఆశ 2001 నాటిది, ఎలుకల మీద ప్రయోగాలతో మొదలైంది. ఆ ఆశను పెంచిన పరిశోధకుడు పియరో అన్వెర్సా. ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిన 31 పత్రాలను వెనక్కి తీసుకోవాలని 2018లో అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాల, దాని అనుబంధ ఆసుపత్రే పత్రికలను కోరాయి. దాతల మూలుగ నుంచి పెంచిన కణాలను 500 మందికి పైగా హార్ట్ ఫెయిల్యూర్ రోగుల మీద నిజాయితీగా పరీక్షించిన ఫలితం 2023లో వచ్చింది. ప్రధానంగా ఆశించిన మేలు, అంటే గుండె మళ్ళీ మళ్ళీ నీరసించి ఆసుపత్రిపాలు కాకుండా ఆపడం, కనబడలేదు. ఈ సంగతులేవీ ఆ వీడియోలో లేవు.

తమ్ముడికి వాడి భాషలోనే చెప్పాను. "మచ్చ కట్టిన చోటు చౌడు పట్టిన మడిరా. దాంట్లో నారు నాటితే వేరు పట్టదు, నాలుగు రోజుల్లో కొట్టుకుపోతుంది. పైగా వాళ్ళు నాటేది వరినారు కూడా కాదు."

అసలైన నారు వేరే చోట పెరుగుతోంది, అదీ చెప్పాను. జపాన్‌లో షిన్యా యమనాక 2006లో ఎలుక చర్మ కణాలను వెనక్కి నడిపించి మూలకణాలుగా మార్చారు, 2012లో నోబెల్ అందుకున్నారు. అలాంటి కణాల నుంచి కొట్టుకునే గుండె కండరం తయారవుతోంది. జర్మనీలోని గోటింగెన్ వాళ్ళు దాన్ని అతుకులా పెంచి 46 ఏళ్ళ ఒకావిడ గుండెకు కుట్టారు. మూడు నెలల తర్వాత ఆమెకు గుండె మార్పిడి జరిగింది. తీసిన పాత గుండెను చూస్తే అతుకు బతికే ఉంది, రక్తనాళాలు కూడా పట్టాయి. ఆ సంగతి 2025 జనవరిలో ప్రచురించారు. ఇబ్బందులూ ఉన్నాయి. శరీరం తోసెయ్యకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు మింగాలి. కొత్త కణాలు గుండెతో కలవకుండా తమ తాళానికి తాము కొట్టుకుంటే లయ తప్పుతుంది. ఈ అతుకు ఇంకా పరీక్షలోనే ఉన్న వైద్యం, అమ్మకానికి వచ్చింది కాదు.

మన చట్టాల్లో లోటేమీ లేదండీ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప, మిగతా మూలకణ చికిత్స ఏదైనా మనుషుల మీద చేసే పరీక్షగా, అంటే అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌గానే చెయ్యాలి. ట్రయల్‌కు దేశపు ట్రయల్స్ పట్టిక అయిన సీటీఆర్ఐలో నమోదు నంబరుండాలి. అందులో చేరిన రోగి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. నేను ఆ సెంటరుకు మళ్ళీ ఫోన్ చేసి నంబరు అడిగాను. మర్యాద అక్కడితో అయిపోయింది.

ఆశపడ్డ మనిషిని నేను వెక్కిరించను. 2021 మేలో కరోనా మందు కోసం కృష్ణపట్నానికి జనం ఎట్లా పోయారో మీరూ చూశారు, మా వీధి వాళ్ళూ పోయారు. అప్పుడు ప్రభుత్వం పంపిణీ ఆపించి పరీక్ష చేయించింది. ఊళ్ళోకి జనం వచ్చారు కాబట్టి అది మీ వాళ్ళకు కనబడింది. ఈ సూది వ్యాపారం ఒక్కో ఇంటి ఫోన్లో జరుగుతుంది, కనబడదు.

నేను అడిగేది కొత్త ఆసుపత్రి కాదు. నెల్లూరు, ఒంగోలు మొదలుకొని ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో గుండె జబ్బుల ఓపీ దగ్గర, ఎకో గది బయట తెలుగులో ఒక బోర్డు పెట్టించండి: 'గుండెకు మూలకణాల చికిత్స ఇంకా పరిశోధనలోనే ఉంది. డబ్బు అడిగితే అది ట్రయల్ కాదు. నమోదు నంబరు అడగండి.' 104కు ఫోన్ చేసి ఆ నంబరు చదివితే, అది నిజమో కాదో చూసి చెప్పే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. అంతే.

తమ్ముడు అరెకరం అమ్మలేదు. మాత్రలు వేళకు వేసుకుంటున్నాడు, ఉప్పు తగ్గించాడు, పొద్దున పెన్న గట్టు దాకా నడుస్తున్నాడు. మొన్నటి ఎకోలో 36 వచ్చింది. "జర్మనీ వాళ్ళది మన దగ్గరికి ఎప్పుడొస్తుందన్నా?" అని అడుగుతుంటాడు.

వచ్చే నెల మళ్ళీ ఎకో ఉంది. మేము తీయించుకునే చోట గది బయట గోడ ఖాళీగానే ఉంది. బోర్డుకు కొలతలు కావాలంటే చెప్పండి, టేపు పట్టుకెళ్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బయాలజీ టీచరు,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా