సంత పక్క రాష్ట్రంలో, చావులు ఇక్కడ

సంపాదకులకు,

అమెరికా తుపాకుల సంతలకూ చావులకూ లింకే లేదన్న మీ వ్యాసం తొందరపాటు. 2011 నాటి అధ్యయనంలో కాలిఫోర్నియా, టెక్సస్‌లలో ప్రభావం కనబడని మాట నిజమే, కానీ అది సంత చుట్టుపక్కలే చూసింది. 2017 నాటి అధ్యయనం చూడండి: నెవాడాలో సంత జరిగిన రెండు వారాల్లో, సరిహద్దు దాటి కాలిఫోర్నియా వైపు ఊళ్లలో తుపాకీ మరణాలు, గాయాలు దాదాపు 70 శాతం పెరిగాయి. కాలిఫోర్నియా సంతల తర్వాత ఆ పెరుగుదల లేదు.

కాలిఫోర్నియాలోని మా శాక్రమెంటో నుంచి నెవాడాలోని రీనోకు కారులో రెండు గంటల పైచిలుకు. ఇక్కడ మడత బల్ల మీది పిస్టల్ నచ్చినా, చేతికి రావాలంటే 10 రోజులు ఆగాలి. అక్కడ ప్రైవేటు అమ్మకందారుకు నోట్లు లెక్కపెట్టి ఇస్తే అప్పట్లో అంతే సంగతులు, కూరగాయలు కొన్నట్టే! నెవాడాలో ప్రైవేటు అమ్మకాలకూ కొనేవారి నేపథ్య తనిఖీ 2020లో గానీ రాలేదు.

– ఓ పాఠకురాలు, శాక్రమెంటో