సత్తిగాడి కుంగిపోయిన కేకుకి ఒక దారి

ఒరేయ్ సత్తీ,

రాత్రి పన్నెండింటికి కుంగిపోయిన కేకు ఫొటో పంపి "దీన్నేం చేయమంటావ్ రా" అని అడిగావు చూడు, నిద్రమత్తులో అదేదో అగ్నిపర్వతం అనుకున్నాను. మీ చెల్లెలికి చూపిస్తే "అయ్యో పాపం, అన్నయ్య ఎంత కష్టపడ్డాడో" అంది గానీ నాకు మాత్రం నవ్వాగలేదు. సరే, నవ్వింది చాలు. దాన్ని పారేయకు. గాలి తగలకుండా డబ్బాలో పెట్టి మూత బిగించు, క్రిస్మస్‌కి ఇంకా నాలుగు రోజులుంది కదా, ఈలోపు దాన్ని నలిపి, ఉండలు చుట్టి, చాక్లెట్‌లో ముంచి ట్రఫుల్స్ చేసేద్దాం. ఫోన్లోనే చెబుదామనుకున్నా, కానీ ఇందులో నేను పడ్డ పాట్లు కూడా చెప్పకపోతే నువ్వూ అవే పడతావ్, అందుకే ఇంత ఉత్తరం రాయాల్సొస్తోంది.

మధ్యలో ఎందుకు దిగిపోయిందంటావా, ఓవెన్ తలుపు ఎన్నిసార్లు తీసి చూశావో నిజం చెప్పు. లేచిన పిండి లోపల గట్టిపడకముందే వేడి పోతే కూలబడుతుంది. బేకింగ్ పౌడర్ ఎక్కువైనా ఇదే గతి, గబగబా పైకి లేచి నిలబడలేక కూర్చుంటుంది. ఒకటి మాత్రం చూసుకో. ఆ గుంట దగ్గర పిండి జిగటగా, పచ్చిగా ఉంటే ఆ ముక్క వరకు తీసి పారేయ్, మొహమాటపడకు. పచ్చి మైదా, పచ్చి గుడ్డు తినేవి కావు. కొంతమంది అసలు ఓవెనే వెలిగించకుండా కేక్ మిక్స్ పౌడర్‌ని అలాగే తీసుకుని క్రీమ్ చీజ్‌తో కలిపి ఉండలు చేసేస్తుంటారు, చూడ్డానికి సులువే గానీ అందులో ఉండేది ఉడకని మైదా, దాంట్లో సూక్ష్మక్రిములు ఉండొచ్చు. పిల్లలు తినే వస్తువు, నేనైతే ఆ జోలికి పోను.

నన్నడిగితే ట్రఫుల్స్ కోసం పనిగట్టుకుని మంచి కేక్ చేయడమే దండగ. మెత్తగా, దూదిలా పొంగిన కేక్‌ని నలిపి ముద్ద చేయడానికి ఎవరికైనా చేతులెలా వస్తాయి? కుంగింది, కాస్త ఎండింది, నిన్నటిది, అంచులు కత్తిరిస్తే మిగిలింది, ఇవే దీనికి సరైన సరుకు. ఒకరోజు పాతదైతే పొడి కూడా చక్కగా అవుతుంది. తాజా కేక్ పొడి అవ్వకుండా వేళ్ళకి అంటుకుని ముద్దయిపోతుంది.

నలపడం చేత్తోనే చెయ్, మిక్సీలో వేయకు. నేను తొందరపడి ఒకసారి వేశాను, పొడి కాదు గదా, జిగురు ముద్దొకటి బ్లేడు కింద ఇరుక్కుని చెంచాతో గీక్కోవాల్సొచ్చింది. నలిపేముందు మాడిన అడుగు, గట్టి అంచులు తీసెయ్. అవి ఉంటే ఉండ కొరికినప్పుడు మధ్యలో రాయి తగిలినట్టుంటుంది.

ఇప్పుడు అసలు విషయం, అందరూ తప్పు చేసేది ఇక్కడే. పొడిని ఉండగా పట్టి ఉంచడానికి ఏదో ఒక తడి కావాలి. క్రీమ్ చీజ్ గానీ, వెన్న, చక్కెర గిలక్కొట్టిన బటర్ క్రీమ్ గానీ, చాక్లెట్‌లో వేడి క్రీమ్ కలిపిన గనాష్ గానీ, ఏదైనా సరే. నేను మొట్టమొదటిసారి చేసినప్పుడు "కొలత దేనికి, డబ్బా తెరిచాం కదా" అని క్రీమ్ చీజ్ మొత్తం గుమ్మరించేశాను. ఏమైంది? ఉండలు చేస్తే ప్లేటులో నిలబడలేదు, అరగంటలో అప్పచ్చుల్లా పరుచుకున్నాయి, తింటే పచ్చిపిండి తిన్నట్టు నోటికి అతుక్కుంది. మా పెద్దది మొహమాటం లేకుండా "నాన్నా, ఇది ఉడకలేదు" అంది. కాబట్టి అరకిలో కేక్ పొడికి ముందు రెండు పెద్ద చెంచాల క్రీమ్ చీజే వెయ్యి. వేళ్ళతో కలుపు. పిడికిట్లోకి కాస్త తీసుకుని నొక్కి చూడు. నొక్కితే నిలబడి, వేలితో పొడిస్తే విరిగిపోవాలి, అదీ గుర్తు. నొక్కినా రాలిపోతుంటే ఇంకో చెంచా. నాకు మామూలుగా మూడు నాలుగు చెంచాల దగ్గర సరిపోతుంది, అంటే అరవై గ్రాములకి అటూ ఇటూ. నీది కొంచెం తడి కేకైతే రెండుతోనే ఆగిపోవచ్చు. ఎక్కువైతే తీయలేం రా, తక్కువైతే వేసుకోవచ్చు.

రుచి కూడా ఇప్పుడే పట్టించాలి. చలికాలానికి దాల్చినచెక్క పొడి, శొంఠి, కొంచెం జాజికాయ భలే ఉంటాయి. నారింజ తొక్క మీద రంగు భాగం మాత్రం తురుముకో, లోపలి తెలుపు చేదు. చిటికెడు ఉప్పు మర్చిపోకు, పైన చాక్లెట్, లోపల చాక్లెట్, అంతా తీపే అయితే రెండో ఉండకి ముఖం మొత్తుతుంది.

ఒక్కో ఉండ పాతిక గ్రాములు చాలు, ఒక్క నోటికి సరిపోయేంత. నీ అరకిలోకి ఇరవై, ఇరవై రెండు దాకా వస్తాయి. మొదటి రెండు మూడింటిని తూకం వేసుకుంటే ఆ తర్వాత చెయ్యే చెబుతుంది. గుండ్రంగా రావట్లేదని బెంగ పెట్టుకోకు. అసలు ట్రఫుల్ అంటే ఏంటో తెలుసా? ఓక్ లాంటి చెట్ల వేళ్ళ దగ్గర మట్టిలో పెరిగే ఒక పుట్టగొడుగు జాతి. గరుగ్గా, మట్టిగడ్డలా ఉంటుంది. కోకో పొడిలో దొర్లించిన చాక్లెట్ ఉండలు దానిలా కనిపించాయని ఆ పేరు వీటికి అంటుకుంది. కాబట్టి వంకరగా వచ్చినవే పేరుకి న్యాయం చేసినట్టు, చెల్లెమ్మ ఏమైనా అంటే ఈ మాట చెప్పు.

ఉండల్ని బటర్ పేపర్ మీద పెట్టి ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచు. ఫ్రీజర్‌లో పెడితే పావుగంట, ఇరవై నిమిషాలు, అంతకంటే వద్దు. ఎందుకు వద్దో చెప్తా విను. పోయిన డిసెంబర్‌లో రాత్రంతా ఫ్రీజర్‌లో రాళ్ళు చేసి, పొద్దున్నే తీసి నేరుగా కరిగిన చాక్లెట్‌లో ముంచాను. పైపూత క్షణంలో గట్టిపడింది, అద్దంలా మెరిసింది, నేను మురిసిపోయాను. కాసేపటికి వంటింట్లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. వెళ్ళి చూస్తే ఒక్కొక్క ఉండ మీద వెంట్రుకవాసి బీట, దాంట్లోంచి లోపలి ముద్ద చిన్న మొటిమలా బయటికి తోసుకొస్తోంది. లోపలి చల్లటి ఉండ బయటి వేడికి మెల్లగా ఉబ్బుతుంది, పైన గట్టిపడిన చాక్లెట్ సాగదు, ఇంకేం చేస్తుంది, పగులుతుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీశాక అయిదారు నిమిషాలు బయట ఉంచు, ముట్టుకుంటే చల్లగా, గట్టిగా ఉండాలి గానీ గడ్డకట్టి ఉండకూడదు. అయినా పగిలితే ఇంకోసారి ముంచెయ్, రెండో పూత బీటని కప్పేస్తుంది.

ఇక చాక్లెట్. దీనికి మూడొందల గ్రాములు పెట్టుకో. అంతా పట్టదు గానీ గిన్నెలో చాక్లెట్ లోతుగా ఉంటేనే ముంచడానికి వీలు. చాక్లెట్‌కి నీళ్ళంటే పడదు. చెంచాకి తడి ఉన్నా, వేడినీళ్ళ గిన్నె మీద పెట్టి కరిగిస్తుంటే కిందనుంచి ఆవిరి వచ్చి రెండు చుక్కలు పడినా, కరిగిన చాక్లెట్ ఉన్నట్టుండి గరుకు ముద్దగా బిగుసుకుపోతుంది. అందులో ఉన్న చక్కెర ఆ కొంచెం తడిని పట్టుకుని అతుక్కుపోతుంది, అదీ కారణం. నాకలా అయినప్పుడు ఏడుపొక్కటే తక్కువ. తర్వాత తెలిసిందేంటంటే, కొంచెం నీళ్ళతో పాడైనదాన్ని ఇంకాస్త వేడి క్రీమ్ పోసి కలిపితే నున్నటి గనాష్ అయిపోతుంది. పైపూతకి పనికిరాదు గానీ తర్వాతి విడత పొడిని కలుపుకోవడానికి బంగారం. పల్చన చేయాలనిపించి వెన్న వేసేవు సుమా, వెన్నలో కూడా నీళ్ళుంటాయి, ఒక చెంచా వాసన లేని నూనె వెయ్యి. రంగులు కలపాలన్నా అంతే, నీళ్ళ రంగులు వద్దు, నూనెతో చేసినవే వాడు.

కరిగించే పద్ధతి నీ ఇష్టం. మైక్రోవేవ్ అయితే తక్కువ పవర్‌లో అరనిమిషం చొప్పున, ప్రతిసారీ తీసి కలుపుతూ. సగం పైన కరిగాక ఆపేసి కలుపుతూ ఉంటే మిగతాది ఆ వేడికే కరుగుతుంది. వైట్ చాక్లెట్‌తో మరీ జాగ్రత్త, ఇట్టే మాడిపోతుంది.

కరిగించి ముంచేస్తే అయిపోయిందనుకోకు, మర్నాటికి పైన తెల్లటి చారలు, బూడిద పూసినట్టు. పాడవ్వలేదు, తినొచ్చు, కానీ చూస్తే ఎవరూ చెయ్యి పెట్టరు. చాక్లెట్‌లో ఉండే కొవ్వు, అదే కోకో బటర్, గడ్డకట్టడంలో ఆరు రకాల స్ఫటికాలుంటాయి, మనకి కావాల్సింది అయిదో రకం. మెరుపు, విరిచినప్పుడు టప్‌మనే చప్పుడు దానివల్లే. అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఒంటి వేడి 37, అందుకే నాలుక మీద పడగానే జారిపోతుంది. ఆ రకం రావాలంటే మూడింట రెండొంతుల డార్క్ చాక్లెట్ 45 డిగ్రీల దాకా వేడి చేసి, మిగిలిన వంతుని తురిమి అందులో వేసి, 31, 32 కి దిగేదాకా కలుపుతూనే ఉండాలి. మిల్క్ చాక్లెట్ అయితే 29, 30 దగ్గర ఆపు, వైట్ ఇంకో డిగ్రీ తక్కువ. థర్మామీటర్ లేకపోతే కింది పెదవికి ఒక చుక్క అంటించి చూడు, కొంచెం చల్లగా తగలాలి. ఇదంతా టెన్షన్ అనుకుంటే కాంపౌండ్ చాక్లెట్ తెచ్చుకో, అందులో కోకో బటర్ బదులు వేరే కొవ్వు ఉంటుంది కాబట్టి కరిగించి ముంచేయడమే. కానీ నోట్లో మైనంలా అంగుడుకి అంటుకుంటుంది, ఆ రుచి నాకు నచ్చదు. పిల్లలకి మాత్రం తేడా తెలీదు, తెలిసినా పట్టించుకోరు.

ముంచేటప్పుడు ఫోర్క్ మీద ఉండని పెట్టి ముంచి పైకెత్తు. ఇక్కడ తొందరపడకు. ఫోర్క్‌ని గిన్నె అంచుకి మెల్లగా తడుతూ ఉండు, అదనపు చాక్లెట్ ఉండ మీద అలలా దిగి కిందికి జారుతుంది, మొదట తాడులా, తర్వాత చుక్కలుగా. చుక్కలు ఆగాక ఫోర్క్ అడుగుని అంచుకి ఒకసారి రాసి పేపర్ మీదికి జార్చు. ఈ రాయడం మర్చిపోతే కింద చాక్లెట్ మడుగు కట్టి ప్రతి ఉండకీ చెప్పులు తొడిగినట్టు అంచు వస్తుంది. నాకు మొదటి పదింటికీ చెప్పులే.

పైన చల్లేవి చాక్లెట్ ఆరకముందే చల్లాలి, ఉండ చల్లగా ఉంటుంది కాబట్టి నీకు దొరికేది కొన్ని క్షణాలే. ఒకటి ముంచగానే దానిమీద చల్లి రెండోదానికి పో, లేదా మా బుడ్డోడి లాంటి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకో. వాడు చల్లడంలో దిట్ట, సగం ఉండ మీద, సగం నేల మీద. ఎరుపు, ఆకుపచ్చ చక్కెర పూసలు, ఎండు కొబ్బరి తురుము మంచులా, పిస్తా పలుకులు, ఏవైనా బావుంటాయి. పిప్పర్‌మెంట్ బిళ్ళల్ని దంచి వేస్తే కరకరలాడతాయి గానీ తేమ తగిలితే కారి జిగటగా అవుతాయి, అవి ఇచ్చే రోజే వేసుకో. ఆరాక డార్క్ మీద వైట్ చాక్లెట్ గీతలు గీస్తే చాలు, అంతకంటే హంగులొద్దు. మంచుమనిషిని చేయబోయి నేను చేసింది దెయ్యంలా ఉంది, ఆ ఫొటో నీకు పంపను.

క్రీమ్ చీజ్ వేశావు కాబట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు, నాలుగైదు రోజులు నిక్షేపంగా ఉంటాయి. తినే ముందు డబ్బా మూత తీయకుండా అలాగే అరగంట బయట పెట్టు, లేకపోతే గాలిలో తేమ వాటి మీద చెమటలా పడుతుంది. ఎవరికైనా ఇస్తున్నావా, లోపల ఏమేం ఉన్నాయో ఒక చీటీ రాసి పెట్టు, గుడ్డు, పాలు, మైదా, గింజలు, ఎవరికేది పడదో మనకేం తెలుసు.

రేపు పొడి చేసి రాత్రికి ఉండలు చుట్టెయ్, చాక్లెట్ పని ఎల్లుండి పొద్దున పెట్టుకో. ముంచేటప్పుడు వీడియో కాల్ చెయ్యి, బుడ్డోడు చూస్తానంటున్నాడు. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఇంకోటి, మళ్ళీ ఓవెన్ దగ్గరికెళ్తే ఆ తలుపు తీయకు రా బాబూ, అద్దంలోంచి చూడు, దానికి లైటు కూడా ఉంటుంది.

ఉంటాను,
నీ రాజు