గూళ్లు ఖాళీ అయ్యాక వచ్చే ఫెలోషిప్ డబ్బు ఎవరికి

ఎడిటర్ గారికి నమస్కారం.

పర్యావరణ పరిరక్షణలో పీజీ, పీహెచ్‌డీ చేసే పిల్లలకి ఫలానా ఫెలోషిప్ పడింది, అప్లై చేసుకోండి అని మీ పేపర్లో అప్పుడప్పుడు వేస్తుంటారు. చాలా మంచి పని అది, నేను ఫోటో తీసి నా స్టూడెంట్లకి పంపిస్తుంటాను కూడా. కానీ లాస్ట్ డేట్ ఎప్పుడు, మొత్తం ఎంత ఇస్తారు, ఈ రెండు ముక్కలతో ఆ వార్త అయిపోతుంది. ఆ డబ్బు ఏ నెలలో చేతికొస్తుంది, అందులో ఆ పిల్లో పిల్లాడో బతకడానికి ఎంత, పని మధ్యలో ఉండగానే ఆగిపోతే ఏంటి పరిస్థితి, ఇవి ఎవరూ అడగరు. ఇచ్చేవాళ్లు చెప్పరు, తీసుకునేవాళ్లకి అడిగే ధైర్యం ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

నా సంగతే చెప్తా. నా పీహెచ్‌డీ నది మధ్యలో ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే పక్షుల మీద. నీళ్లు తగ్గి తిన్నెలు బయటపడితేనే అవి గుడ్లు పెడతాయి. గూడంటే పుల్లలూ ఆకులూ ఏమీ ఉండవు, ఇసుకలో చిన్న గుంట అంతే, గుడ్డు కూడా ఇసుక రంగులోనే ఉంటుంది కాబట్టి చూసుకోకుండా అడుగేస్తే కాలి కిందే పోతుంది. గుడ్డు పెట్టి ఎన్ని రోజులయిందో తెలుసుకోడానికి ఒక పద్ధతుంది, గ్లాసులో నీళ్లు పోసి గుడ్డుని మెల్లగా అందులోకి వదలాలి. కొత్త గుడ్డయితే అడుగున అడ్డంగా పడుకుంటుంది, కొన్ని రోజులదైతే ఒక కొస పైకి లేస్తుంది, ఇంకొన్నాళ్లకి నిలువుగా నిలబడుతుంది, పొదుగుడు చివరికొచ్చేసరికి నీళ్ల మీదకి తేలుతుంది, లోపల గాలి గది పెరిగేకొద్దీ అలా అవుతుంది. ఇదంతా ఎండ ముదరకముందే అయిపోవాలి, మనం అక్కడున్నంతసేపూ తల్లి గుడ్ల మీద కూర్చోదు, కాలే ఇసుకలో కాసేపు నీడ లేకపోతే లోపల పిల్ల చచ్చిపోతుంది. ఏడాది మొత్తంలో ఈ పని చెయ్యడానికి దొరికేది రెండు మూడు నెలలే, పైన డ్యామ్ గేట్లు ఎత్తారంటే అదీ ఉండదు.

మొదటి ఏడాది ఫెలోషిప్ వచ్చిందని లెటర్ టైముకే అందింది. డబ్బు రాలేదు. ఒకసారి ఫారం తప్పన్నారు, ఇంకోసారి సంతకం పెట్టాల్సిన ఆయన సెలవులో ఉన్నారన్నారు, ఆ తర్వాత లెక్కల సంవత్సరం మారింది మళ్లీ మొదటినుంచి పంపమన్నారు. చివరికి అకౌంట్లో పడ్డ రోజుకి తిన్నెలన్నీ నీళ్లలో ఉన్నాయి, ఒక్క పక్షి లేదు. వాళ్ల ఫైల్లో అది కొన్ని వారాల ఆలస్యం, నాకు మాత్రం ఏడాది పోయింది, ఎందుకంటే మళ్లీ గుడ్డు కనపడాలంటే మళ్లీ ఆ కాలం రావాలి. ఫెలోషిప్ మూడేళ్లదే కాబట్టి మూడు సీజన్ల డేటా రెండు సీజన్లకి పడిపోయింది, ఆ రెండిట్లో ఒకటి వరదలో పోయింది. పైగా ఏడాది చివర రిపోర్టులో డబ్బు ఎందుకు ఖర్చు పెట్టలేదో సంజాయిషీ రాయమన్నారు. రాశాను.

ఇది నా ఒక్కదాని గోల అనుకోకండి. తాబేళ్లు ఒడ్డుకెక్కే కాలం, కప్పలు అరిచే కాలం, చెట్టు పూతకొచ్చే కాలం, వలస పక్షులు దిగే కాలం, దేనికైనా ఒక టైముంది, ఆఫీసు కాగితాల కోసం అది ఆగదు. ఈ చదువులో డబ్బు ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నది పెద్ద ప్రశ్న అని నేను గట్టిగా నమ్ముతాను.

ఎంతకాలం అన్నది కూడా అంతే. 1960 జులైలో 26 ఏళ్ల జేన్ గుడాల్ చింపాంజీలని చూడ్డానికి ఇప్పటి టాంజానియాలో ఉన్న గోంబే అడవికి వెళ్లినప్పుడు ఆవిడకి డిగ్రీ కూడా లేదు, ఆవిడని పంపించిన శాస్త్రవేత్త లూయిస్ లీకీ ఒక అమెరికన్ ఫౌండేషన్ దగ్గర ఆరు నెలలకి సరిపడా డబ్బు తెచ్చిపెట్టారు. మొదట్లో చింపాంజీలు ఆవిడని చూస్తే చాలు పారిపోయేవి. నవంబర్లో, అంటే డబ్బు అయిపోవచ్చే టైములో, డేవిడ్ గ్రేబియర్డ్ అని ఆవిడ పేరు పెట్టుకున్న చింపాంజీ గడ్డిపుల్లతో పుట్టలోంచి చెదలు తీసుకుని తినడం చూశారు, పనిముట్లు తయారుచేసుకుని వాడేది మనిషొక్కడే అన్న మాట ఆ రోజుతో పోయింది. దాని తర్వాత నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ డబ్బిచ్చింది, కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ వచ్చింది, గోంబేలో ఆ పని ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పుడు ఆలోచించండి, ఆ మొదటి డబ్బు మూడు నెలలకే ఇచ్చుంటే? చింపాంజీలు దగ్గరికి రానివ్వలేదు అని ఒక చిన్న రిపోర్టు రాసి ఆవిడ ఇంటికెళ్లిపోయేవారు.

బ్రిటన్ నుంచి మారిషస్ దీవికి వెళ్లిన జీవశాస్త్రవేత్త కార్ల్ జోన్స్ సంగతి ఇంకోటి. మారిషస్ కెస్ట్రెల్ అని చిన్న గద్ద, 1974లో లెక్కకి నాలుగంటే నాలుగే మిగిలాయి, అడవి పోవడం, డీడీటీ పురుగుమందు అన్నీ కలిసి దాన్ని అక్కడికి తెచ్చాయి. 1979లో ఇరవైల్లో ఉన్న జోన్స్‌ని ఆ ప్రాజెక్టు మూసేసి రమ్మని పంపించారు. ఆయన మూయలేదు. గూట్లోంచి గుడ్లు తీసి తను పెంచాడు, అప్పుడు ఆ పక్షి మళ్లీ గుడ్లు పెట్టేది, అలా ఏళ్ల తరబడి. ఇప్పుడు ఆ దీవిలో ఆ గద్దలు వందల్లో ఉన్నాయి. అంత ఓపిక ఉన్న కుర్రాళ్లు ఇప్పుడూ ఉన్నారు, నా క్లాసులోనే కనపడతారు, కానీ ఏడాది ఫండుతో వాళ్లని అక్కడ ఎవరు ఉండనిస్తారు చెప్పండి.

దారి తెలియక కాదు. బ్రిటన్‌లో రఫర్డ్ ఫౌండేషన్ వాళ్లు మొదటి గ్రాంటు చిన్నదిచ్చి, పని బాగుంటే రెండోది, ఆ తర్వాత బూస్టర్ గ్రాంట్లు, ఆఖర్న పూర్తి చేసుకోడానికి ఇంకోటి అని మెట్లు కట్టారు, అంటే ఒకసారి నమ్మినవాళ్లని మధ్యలో వదిలెయ్యకుండా. అమెరికాలో స్విట్జర్ ఫెలోషిప్ 1986 నుంచి పీజీ, పీహెచ్‌డీ వాళ్లకి ఇస్తోంది, డబ్బుతోపాటు లీడర్‌షిప్ ట్రైనింగూ ఉంటుంది, చదువైపోయిన ఫెలోస్‌ని కూడా గుర్తుపెట్టుకుంటారు. అక్కడే 1998లో మొదలైన డేవిడ్ స్మిత్ ఫెలోషిప్ పీహెచ్‌డీ అయినవాళ్లకి, దాంట్లో నాకు నచ్చింది ఇద్దరు గైడ్లు ఉండటం, ఒకరు యూనివర్సిటీ నుంచి, ఇంకొకరు నిజంగా పరిరక్షణ పని చేసే సంస్థ నుంచి. లండన్ జువలాజికల్ సొసైటీ 2007లో మొదలుపెట్టిన ఎడ్జ్ ప్రోగ్రాం ఫెలోషిప్పులైతే ఎవరూ పట్టించుకోని జంతువుల మీద, అవి బతికే దేశాల పిల్లలకే ఇస్తారు. పులి మీద చేస్తానంటే డబ్బు దొరుకుతుంది కానీ కప్పలకి దూరపు చుట్టమైన, కాళ్లు లేని జీవి మీద చేస్తానంటే ఎవరిస్తారు, అందుకని ఇది నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది.

అయినా చాలా గ్రాంట్ల ఫారాల్లో బోటుకి గడి ఉంటుంది, బ్యాటరీలకి, డీజిల్‌కి ఉంటుంది, ఆ పని చేసే మనిషి బతకడానికి గడి ఉండదు. మాది ప్రాజెక్టు గ్రాంటు, జీతం కాదు అంటారు. మరి జీతం ఎవరిస్తారు అంటే యూనివర్సిటీ వైపు చూపిస్తారు, యూనివర్సిటీ మళ్లీ వీళ్ల వైపే చూపిస్తుంది. ఈ మధ్యలో మిగిలేది ఇంట్లోవాళ్లు పోషించగలిగిన పిల్లలే. ఫీల్డ్ అసిస్టెంట్ల పేరుతో ఫ్రీగా పనిచేయించుకోవడం వన్యప్రాణి శాస్త్రానికే నష్టం అని 2015లోనే ఆరియల్ ఫోర్నియర్, అలెగ్జాండర్ బాండ్ ఒక సైన్స్ జర్నల్లో రాశారు, డబ్బు లేనివాళ్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు కాబట్టి. నా దగ్గర చదివిన ఒకమ్మాయి, దూరం నుంచి నీడ చూసి అది ఏ పక్షో చెప్పేది, అంత కన్ను నాకు కూడా లేదు. ఆర్నెల్లు స్టైపెండ్ లేకుండా ఫీల్డులో ఉంది, తర్వాత ఇంట్లో అవసరం పడి డేటా ఎంట్రీ ఉద్యోగంలో చేరింది. ఆ అమ్మాయి నోట్‌బుక్కులు ఇంకా నా అలమరాలోనే ఉన్నాయి, చివరి పేజీలో తర్వాతి సీజన్‌కి ఏ తిన్నెలు ముందు చూడాలో వరసగా రాసుకుంది.

వయసు లిమిట్ పెట్టేవాళ్లతో కూడా ఒక మాట. కెరీర్ మొదట్లో ఉండటం అంటే వయసు కాదండి, డిగ్రీ అయ్యాక ఎన్నేళ్లయింది అన్నది చూడాలి, పిల్లల్ని కన్నవాళ్లకి, ఇంట్లో పెద్దవాళ్లని చూసుకున్నవాళ్లకి ఆ ఏళ్లు తీసేసి లెక్కపెట్టాలి. ఇది చెయ్యడానికి డబ్బు కూడా అక్కర్లేదు, ఫారంలో ఒక లైను మారిస్తే చాలు.

ఫెలోషిప్పులు ఇచ్చేవాళ్లని నేను అడిగేది పెద్దదేం కాదు. అప్లికేషన్‌లోనే మీ జీవి సీజన్ ఎప్పుడు అని అడగండి, దానికి రెండు నెలల ముందే మొదటి విడత డబ్బు అకౌంట్లో పడేట్టు చూడండి. మనిషి ఖర్చు వేరే, ఫీల్డు ఖర్చు వేరే పెట్టండి, పడవ నడిపే ఆయన కూలి కూడా అందులో ఉండాలి, ఆయన లేకపోతే మాకు తిన్నె ఎక్కడుందో కూడా తెలీదు. ఆఖర్న ఒక ఆరు నెలలు కలపండి, థీసిస్ ఇచ్చేశాక ఆ ఒడ్డున ఉండేవాళ్ల దగ్గరికి, డ్యామ్ ఇంజనీర్ల దగ్గరికి వెళ్లి ఏం తెలిసిందో చెప్పడానికి, లేకపోతే అదంతా లైబ్రరీ బీరువాలో పడుంటుంది.

మీకూ ఒక రిక్వెస్టు. ఈసారి ఫెలోషిప్ వార్త వేసేటప్పుడు మీ రిపోర్టర్‌ని వాళ్లకి ఒక్క ఫోన్ చెయ్యమనండి, పోయినసారి ఎంపికైనవాళ్లకి మొదటి డబ్బు ఏ నెలలో అందింది అని అడిగి, ఆ నెల పేరు లాస్ట్ డేట్ పక్కనే వెయ్యండి.

ఇట్లు,
నది పక్షుల మీద పనిచేసే ఒక పరిశోధకురాలు