నీ ప్రాజెక్టుకు కావలసిన లెక్కలు

విజయవాడ,
12-10-2025.

చిరంజీవి అమ్మడికి,

అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నాన్నగారు, నాయనమ్మ, తమ్ముడు, నేను అందరం క్షేమం. కాలేజీ ప్రాజెక్టు కోసం మన బ్యాగుల వ్యాపారం మీద నువ్వు పంపిన ప్రశ్నపత్రాన్ని తమ్ముడు ఫోనులో చదివి వినిపించాడు. తరువాత నేనే మళ్ళీ చదువుకుని, జవాబులు కాగితం మీద రాసుకుంటూ పోయాను. పదిహేడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "వ్యాపారాన్నీ పిల్లల పెంపకాన్నీ ఎలా సమన్వయం చేసుకున్నారు?" అని అడిగి, జవాబుకు ఒక్క గీత చోటిచ్చావు. ఆ ఒక్క గీతలో పట్టే జవాబు నా దగ్గర లేదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా లెక్కలు చెబుతాను, అవి తేలిక. పని మొదలుపెట్టింది 2010 ఉగాది వెళ్ళిన తరువాత. అప్పటికి నీకు నాలుగేళ్ళు, తమ్ముడు ఇంకా దోగాడుతున్నాడు. పెట్టుబడి అంటే పుట్టింటివారు నాకిచ్చిన ఉషా మిషను, దానికి 900 రూపాయలు పెట్టి బిగించిన మోటారు, పెడనలో కొన్న 2,000 రూపాయల కలంకారీ గుడ్డ. మచిలీపట్నం రైలెక్కి, నిన్ను చేత్తో పట్టుకుని, వాడిని చంకనేసుకుని పెడనలో దిగేదాన్ని. అక్కడ గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తరువాత టేకుచెక్క అచ్చులతో, తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసిన నలుపును, ఎరుపు రావలసినచోట పటికను అద్ది, ఉడకబెట్టి, కాలువ నీళ్ళలో ఉతికి ఎండకు పరుస్తారు. నువ్వు ఆ కాలువగట్టు మీద కూర్చుని, ఆరేసిన గుడ్డల మీది నెమళ్ళను లెక్కపెడుతూ పన్నెండు దగ్గర తప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేదానివి. ఎండ లేకపోతే ఆ పని సాగదు కనుక వానాకాలంలో సరుకు సరిగా దొరకదు. మనకేమో శ్రావణంలోనే పెళ్ళిళ్ళు, వ్రతాలు, తాంబూలం సంచుల ఆర్డర్లు. ఈ సంగతి మొదటి ఏడాది నాకు తెలియక, వచ్చిన ఆర్డర్లలో సగం వదులుకున్నాను. ఆ తరువాతనే మే నెలలో గుడ్డ కొని దాచుకోవడం నేర్చుకున్నాను. నీ ప్రశ్నపత్రంలో "నిల్వ సరుకు" అని ఉన్న గడిలో ఈ కారణం కూడా రాయి, మీ అయ్యవార్లకు పనికొస్తుంది.

కొన్న గుడ్డను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసిన తరువాతనే కత్తెర పెట్టాలి, లేకపోతే కుట్టిన బ్యాగు మొదటి ఉతుకులోనే ముడుచుకుపోతుంది. 44 అంగుళాల పన్నా ఉన్న మీటరు గుడ్డలో 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉన్న ముక్కలు నాలుగు వస్తాయి, అంటే రెండు బ్యాగులు. పక్కన మిగిలిన 14 అంగుళాల పట్టీలో బ్యాగులను పట్టుకునే నాలుగు పట్టెడలు, లోపలి జేబులు రావాలి. ఒక్క అంగుళం అటూ ఇటూ అయితే రెండో బ్యాగుకు పట్టెడ ఉండదు. అందుకే కత్తిరింపు నా దృష్టిలో కుట్టుకన్నా కష్టమైన పని.

ధర సంగతికి వస్తే, నేను వేసిన మొదటి లెక్క ఇది: గుడ్డకు 45, లైనింగుకూ కాన్వాసుకూ 22, జిప్పుకూ రన్నరుకూ 8, దారం, సూదులు, కరెంటు కలిపి 5, వెరసి 80 రూపాయలు. 120కి అమ్మి, బ్యాగుకు 40 లాభమని మీ నాన్నగారికి గర్వంగా చెప్పాను. ఒక్కో బ్యాగుకు నాకు రెండున్నర గంటలు పట్టేది. గంటకు 16 రూపాయలన్నమాట. ఆ మాట నాకు తట్టడానికి ఆరేళ్ళు పట్టింది. 2016లో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర పథకం కింద, అందులో అన్నిటికన్నా చిన్నదైన 'శిశు' రకం రుణం 50,000 రూపాయలు తీసుకుని, బల్లతో సహా వచ్చే పెద్ద మిషను కొని, మన వీధిలోని ఇద్దరు ఆడవాళ్ళకు బ్యాగుకు ఇంత అని కూలి కట్టి పని ఇచ్చాను. వాళ్ళ కూలి ఇచ్చాక చేతిలో మిగిలింది దాదాపు సున్నా. దొంగతనం జరిగిందా అన్నట్టు రెండు నెలలు లెక్కలు తిరగేశాను. ఎక్కడా తప్పు లేదు. అంతకాలం నేను లాభం అనుకున్నదే నా కూలి, అదీ చవక కూలి. ఆ తరువాతనే ధర పెంచాను. "గుడ్డ సంచికి ఇంతా?" అన్నవారు కొందరు వెళ్ళిపోయారు. మనవాళ్ళు దానినే "హ్యాండ్‌బ్యాగు" అంటే బేరం తక్కువ ఆడతారని, "సంచి" అంటే కూరలవాడితో ఆడినట్టు ఆడతారని కూడా అప్పుడే గమనించాను.

జీఎస్టీ నంబరు గడిని ఖాళీగా వదిలెయ్యి. మన అమ్మకమంతా మన రాష్ట్రంలోనే, అదీ నేరుగా కొనేవారికే. ఆ నంబరు తీసుకోవడానికి మన రాష్ట్రంలో సరుకు అమ్మేవారికి ఉన్న ఏడాదికి 40 లక్షల అమ్మకాల హద్దు మనకు చాలా దూరం.

ఇప్పుడు పదిహేడో ప్రశ్న. చిన్నపిల్లలున్న ఇంట్లో పనిని తేలికపనీ కష్టపనీ అని విడదీస్తే కుదరదని, మూడు రకాలుగా చూడాలని నాకు నేనుగా తెలుసుకున్నాను: చప్పుడు చేసేది, మధ్యలో ఆపరానిది, ఎప్పుడైనా ఆపగలిగేది. మిషను చప్పుడుకు తమ్ముడు లేచేవాడు కనుక రాత్రి కుట్టడానికి వీలులేదు. మిషను కాళ్ళ కింద పాత కొబ్బరిపీచు పట్టాను మడిచి వేస్తే కొంత నయమనిపించింది. కత్తిరింపు మధ్యలో ఆపరానిది, నేలంతా పరచుకుని చేయాల్సినది, అందుకని అది మీరిద్దరూ నిద్రపోయాక పది గంటల తరువాత. కుట్టుపని నువ్వు బడిలో ఉండి వాడు పడుకున్న మధ్యాహ్నం. దారాలు తుంచడం, గుండీలు కుట్టడం, పట్టెడలు తిరగేయడం మీరు ఆడుకుంటుంటే పక్కన కూర్చుని. జిప్పు రన్నర్లను సైజువారీగా వేరుచేసే పని నీది. ఐదో నంబరువి ఒక గిన్నెలో, ఎనిమిదో నంబరువి మరో గిన్నెలో వేసేదానివి, ఎప్పుడూ తప్పేదానివి కావు. అయస్కాంతపు గుండీలను మాత్రం మీ చేతికి అందనిచ్చేదాన్ని కాదు. పిల్లలు మింగితే కడుపులో ఒకదాన్నొకటి పట్టుకుని పేగులకు చిల్లుపెడతాయి.

ఇదంతా వినడానికి పద్ధతిగా ఉంది. ఈ పద్ధతి ఎలా వచ్చిందో చెప్పకుండా నీ ప్రాజెక్టులో పెడితే అది అబద్ధమవుతుంది.

నీ ఎడమ చూపుడువేలి గోరు మీద నిలువుగా ఒక గీత ఉంటుంది. ఎంత కత్తిరించినా అదే చోట మళ్ళీ వస్తుంది. చిన్నప్పుడు తలుపు సందులో పడిందని నీకు చెప్పాను, నాయనమ్మకూ అదే చెప్పాను. అది తలుపు కాదు తల్లీ, నా మిషను. 2010 శ్రావణం, 150 తాంబూలం సంచుల ఆర్డరు, మూడు రోజుల్లో పెళ్ళి. మీరు మెలకువగా ఉండగానే కుడుతున్నాను. నువ్వు పక్కన నిలబడి, చిన్న ముక్కలను సూది కింది పాదంలో పెట్టి సరదాపడుతున్నావు. ఫోను మోగితే, ఆర్డరిచ్చిన ఆవిడే అయి ఉంటుందని, మోటారు ప్లగ్గు తీయకుండా లేచి అవతలి గదిలోకి వెళ్ళాను. తమ్ముడు దోగాడుతూ వచ్చి కాలి స్విచ్చు మీద చెయ్యి వేశాడు. చప్పుడు అయింది, ఆ వెంటనే నీ కేక వినిపించింది. నేను వచ్చేసరికి సూది గోరులోంచి దిగి ఉంది, నువ్వు ఏడుపు కూడా ఆపేసి నా ముఖంలోకి చూస్తున్నావు. ప్లగ్గు పీకి, పక్కచక్రాన్ని చేత్తో నెమ్మదిగా వెనక్కి తిప్పి సూదిని పైకి లేపాను. దాని మొన విరిగి లోపలే ఉండిపోయింది. ఎదురింటి ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్తే ఎక్స్‌రే తీసి, మొన తీసి, ధనుర్వాతం ఇంజెక్షను చేసి పంపారు. వైద్యుడికి నిజం చెప్పాను. మీ నాన్నగారికి ఆ రాత్రి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, గోడకు మేకు కొట్టి, కాలి స్విచ్చును దానికి తగిలించారు. నాయనమ్మకు చెప్పి ఉంటే మిషను ఆ మర్నాడే అమ్ముడయ్యేది, అందుకే తలుపు మీద పెట్టాను.

ఆనాటి నుంచి బల్ల దగ్గరనుంచి లేవవలసి వస్తే, మంచినీళ్ళకైనా సరే, ప్లగ్గు తీసి స్విచ్చు మేకుకు పెట్టే లేస్తాను. విరిగిన సూదుల ముక్కలన్నీ ఒక మాత్రల సీసాలో వేస్తాను, ముక్క పూర్తిగా దొరికేదాకా పని ముందుకు సాగదు. కుట్టుతున్నంతసేపు ఫోను ఎత్తను. ఇప్పటికీ కొనేవారు అడుగుతుంటారు, మీరెందుకు వెంటనే ఫోను తీయరని. ఒక్కరికీ కారణం చెప్పలేదు.

తరువాత పనికి వచ్చిన ఇద్దరికీ చిన్నపిల్లలే. ముందుగదిలో చాప వేసి, ఆ పిల్లలను అక్కడ కూర్చోబెట్టి, మిషను గదికి అడ్డంగా ఎత్తుగా చెక్క అడ్డుపెట్టాను. ముగ్గురం వంతులవారీగా బయట కూర్చునేవాళ్ళం. బయట కూర్చున్న గంటకు కూడా కూలి కట్టాను. ఒకామె మొదట తీసుకోనంది, "పిల్లల దగ్గర కూర్చున్నందుకు డబ్బులేమిటండీ" అని. నాకు కూడా జవాబు సరిగా చెప్పడం రాలేదు, డబ్బు మాత్రం చేతిలో పెట్టాను. ఇంట్లో ఖాళీగా ఉండి చేసుకునే పని అని మన బంధువులు ఇప్పటికీ అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఇంట్లో ఖాళీ అన్నది ఎక్కడుందో వాళ్ళు వచ్చి చూపిస్తే బాగుండును.

సంవత్సరంవారీ అమ్మకాలు అడిగావు. అవి ఇవ్వలేను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్‌లో మన ఇంట్లోకి వచ్చినప్పుడు బీరువా అడుగు అరలో ఉన్న లెక్కల పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. పెద్ద మిషను మోటారు పాడైంది, మే నెలలో కొన్న గుడ్డంతా బురదలో మునిగింది. అప్పుడు నువ్వు హాస్టలులో కొత్తగా చేరి ఉన్నావు, ఫోనులో అంతా బాగానే ఉందని చెప్పాను. ఇది నీకు నేను చెప్పిన రెండో అబద్ధం. ఆ గుడ్డలో సగాన్ని నాలుగైదుసార్లు ఉతికి వాడుకున్నాం. మంచి రంగు గనుక నిలిచింది.

అటక మీద ఉండడంవల్ల ఒక్క పుస్తకం మిగిలింది. అది 2010 నాటిదే. దానిని ఆర్టీసీ కార్గోలో పంపుతున్నాను, జాగ్రత్తగా తీసుకో. ప్రతిరోజూ అప్పటిదాకా కుట్టిన సంచుల వరుస సంఖ్యను తేదీ పక్కన రాసుకునేదాన్ని. శ్రావణం పేజీలో 41 అని రాసిన తరువాత తొమ్మిది రోజులు ఖాళీగా ఉంటాయి. ఆ ఆర్డరు ఆవిడ అడ్వాన్సు వెనక్కి తీసుకుని, రెడీమేడ్ సంచులు కొనుక్కుంది. పదో రోజున 42 నుంచి మళ్ళీ మొదలవుతుంది. నీ పట్టికలో ఆ తొమ్మిది రోజులను పెట్టుబడిలో వేస్తావో, నష్టంలో వేస్తావో నీ ఇష్టం, వదిలెయ్యడం మాత్రం వద్దు.

పార్సిలులో కారప్పొడి, కొత్త బ్యాగు కూడా పెట్టాను. దాని జిప్పు కొంచెం బిగువుగా ఉంది, కొవ్వొత్తి ముక్కతో పళ్ళమీద ఒకసారి రుద్దు.

ఇట్లు,
అమ్మ