24 గంటల ముందు వచ్చే ఎస్సెమ్మెస్ సరిపోదు: కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

హైదరాబాద్‌లో చిన్న ఆఫీసులకు, దుకాణాలకు సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, వాటి బిల్లులు చూసిపెట్టే పనిలో ఉన్నవాళ్లం రాస్తున్న లేఖ ఇది. ప్రతిని రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ గారికి కూడా పంపుతున్నాం. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ చందాలు వాటంతటవే రెన్యూవలై డబ్బు కోసేసుకునే ఈ సమస్యలో సగం మీ శాఖది, సగం వాళ్లది. ఆ రెండు సగాల మధ్య సందులోంచే జనం డబ్బు జారిపోతోంది.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్, చిక్కడపల్లిలో డీటీపీ షాపు, హిమాయత్‌నగర్‌లో ఆడిటర్ ఆఫీసు, మాదాపూర్‌లో పదిమంది ఉన్న కంపెనీ, ఏది తీసుకున్నా ఇవాళ సాఫ్ట్‌వేర్‌ను చాలావరకు కొనడం లేదు, అద్దెకు తెచ్చుకుంటున్నారు. ఇంటి అద్దెకైతే ఓనరు నెల మొదట్లో వచ్చి తలుపు కొడతాడు. ఇక్కడ తలుపు కొట్టే పని లేదు, డబ్బు దానంతటదే వెళ్లిపోతుంది.

2023 నవంబర్ 30న మీ శాఖ పరిధిలోని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే వెబ్‌సైట్లలో, యాప్‌లలో జనాన్ని బోల్తా కొట్టించే డిజైన్ల మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. అందులోని 13 రకాల మోసపు డిజైన్లలో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ (చందా ఆపడాన్ని కష్టం చేయడం) ఒకటి, ‘సాస్ బిల్లింగ్’ (చందా మీద ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కు మోసపు వసూళ్లు) ఇంకొకటి. ఫ్రీ ట్రయల్ పెయిడ్‌గా మారేటప్పుడు చెప్పకపోవడం, చప్పుడు లేకుండా ఖాతాలోంచి డబ్బు తీసుకోవడం, వాడని ఫీచర్లకు వసూలు చేయడం, వీటిని పేరు పెట్టి తప్పన్నారు. రాసిన మాట బాగుంది. అది మనిషి ఫోన్ దాకా రావడంలోనే చిక్కంతా ఉంది.

కార్డు మీద ఆటోమేటిక్ చెల్లింపులకు రిజర్వ్ బ్యాంక్ పద్ధతి అందరికీ తెలిసిందే. మొదటిసారి ఓటీపీతో మ్యాండేట్, అంటే ఇకమీదట డబ్బు తీసుకోవచ్చన్న అనుమతి, ఇవ్వాలి. ఆ తర్వాత పరిమితి లోపు మొత్తాలకు ఓటీపీ అడగరు, కాకపోతే డబ్బు తీయడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం ఇవ్వాలి. ఈ పరిమితి 2019లో 2,000 రూపాయలు. 2021 జనవరి నుంచి 5,000 అయింది, 2022 జూన్‌లో 15,000కు పెరిగింది. పరిమితి ఏడున్నర రెట్లు పెరిగినా ముందస్తు కబురు గడువు మాత్రం 24 గంటల దగ్గరే ఉంది.

నెలకు 199 రూపాయల యాప్‌కు ఒక రోజు ముందు చెబితే చాలు. మా గొడవ ఏడాది ప్లాన్లతో. చిన్న ఆఫీసు ఏడాదికోసారి కట్టే 4,000, 8,000, 12,000 రూపాయల బిల్లులన్నీ సరిగ్గా ఆ 15,000 గొడుగు కిందే ఉంటాయి. కార్డు ఓనరు పేరు మీద ఉంటుంది, కాబట్టి ఎస్సెమ్మెస్ ఆయన ఫోన్‌కే వస్తుంది. సాఫ్ట్‌వేర్ వాడేది డిజైనర్. ఖాతా తెరిచింది ఏడాది కింద ఉద్యోగం మానేసిన కుర్రాడి ఈమెయిల్‌తో. ఆపాలంటే లాగిన్ కావాలి. పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కితే రీసెట్ లింకు ఆ కుర్రాడి మెయిల్‌కే పోతుంది. ఎస్సెమ్మెస్ శనివారం రాత్రి వస్తే ఆదివారం రాత్రికల్లా ఇదంతా తేలాలి. తేలదు. మార్చిలో ఆడిటర్ స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఇదేంటని అడిగినప్పుడు బయటపడుతుంది, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

ఆ ఎస్సెమ్మెస్‌లో వ్యాపారి పేరు, మొత్తం, తేదీ, మ్యాండేట్ నంబరు, డబ్బు తీసే కారణం ఉండాలని నిబంధన. కారణం గడిలో చాలాసార్లు ‘సబ్‌స్క్రిప్షన్’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది. వ్యాపారి పేరు దగ్గర మాతృసంస్థ పేరో, మధ్యలో పేమెంట్ నడిపే సంస్థ పేరో కనిపిస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్, ఏ ప్లాన్, ఎంతమందికి అన్నది అందులో ఉండదు. ఒకే కంపెనీ దగ్గర మూడు లైసెన్సులు ఉన్న ఆఫీసుకు ఆ ఎస్సెమ్మెస్ వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

పరిమితి దాటితే ఏమవుతుందో కూడా చూడండి. మనిషికి నెలకు 20 డాలర్ల సాఫ్ట్‌వేర్ ఐదుగురికి తీసుకున్నారనుకుందాం. డాలరు 85 రూపాయలు అనుకుంటే 8,500. 18 శాతం జీఎస్టీ 1,530 కలిపి 10,030. బిల్లు డాలర్లలో ఉంటే బ్యాంకు విదేశీ మారకపు చార్జీ 3.5 శాతం చొప్పున 351, దాని మీద జీఎస్టీ 63 కలిసి మొత్తం 10,444. ఓటీపీ అక్కర్లేదు, డబ్బు పోతుంది. అదే ఎనిమిది మందికైతే జీఎస్టీతోనే 16,048. ఇప్పుడు ఓటీపీ కావాలి, ఓనరు చూసుకోకపోతే చెల్లింపు ఆగి పని మధ్యలో లైసెన్సు పోతుంది. అక్కర్లేనిది ఆగదు, కావలసినది నిలవదు.

దీనికి చాలామంది చేసే పని కార్డు బ్లాక్ చేయించడం. అంతకన్నా చెడ్డ ఉపాయం లేదు. ఆ కార్డు మీదే డొమైన్ పేరు (వెబ్‌సైట్ చిరునామా), బ్యాకప్ కూడా ఉంటాయి. డాట్ కామ్ డొమైన్ గడువు దాటితే రిజిస్ట్రార్‌ను (ఆ పేరు అమ్మిన కంపెనీని) బట్టి కొన్ని రోజులు మామూలు ధరకే రెన్యూవల్ దొరుకుతుంది. ఆ తర్వాత పోయిన పేరును విడిపించుకునే 30 రోజుల రిడెంప్షన్ దశలో మామూలు రుసుముకు ఎన్నో రెట్లు అడుగుతారు. అదీ దాటితే ఐదు రోజుల్లో పేరు బజార్లో పడుతుంది. ఆటోమేటిక్ రెన్యూవల్ ఉంచుకోవలసినవి కూడా ఉన్నాయని, డొమైన్ వాటిలో మొదటిదని మేం అందరికీ చెబుతుంటాం.

పైగా బ్యాంకులో మ్యాండేట్ రద్దు చేయడం వేరు, కంపెనీ దగ్గర సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయడం వేరు. మ్యాండేట్ ఒక్కటే తీసేస్తే కంపెనీ లెక్కలో ప్లాన్ బతికే ఉంటుంది. ఏడాది ఒప్పందాన్ని నెలనెలా కడుతున్న ప్లానైతే మిగిలిన నెలల బాకీ అడుగుతారు. కంపెనీ దగ్గర మాత్రమే ఆపితే మ్యాండేట్ దాని గడువు దాకా పడి ఉంటుంది, ఎవరో పొరపాటున ప్లాన్ తిరిగి మొదలుపెడితే ఓటీపీ లేకుండానే డబ్బు పోవచ్చు. అందుకని ముందు కంపెనీ దగ్గర రద్దు చేసి, రద్దయిన పేజీ స్క్రీన్‌షాట్, మెయిల్ దాచుకుని, ఆ తర్వాతే బ్యాంకులో మ్యాండేట్ తీసేయాలి. రేపు బ్యాంకుతో తగాదా పడితే మొదట అడిగేది ఆ స్క్రీన్‌షాటే.

మ్యాండేట్ ఎక్కడుందో వెతకడం ఇంకో పని. కార్డుదైతే నెట్‌బ్యాంకింగ్‌లో ‘ఈ-మ్యాండేట్’ లేదా ‘స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్’ కింద ఉంటుంది. చాలా బ్యాంకులు దీనికి సైహబ్ అనే వేరే పేజీకి పంపుతాయి. యూపీఐదైతే యాప్‌లో ప్రొఫైల్ కింద ఆటోపేలో చూడాలి. అక్కడ యూపీఐ పిన్‌తో రద్దు చేయొచ్చు. 2025 ఆగస్టు నుంచి ఈ ఆటోపే లావాదేవీలను రద్దీ లేని వేళల్లోనే నడుపుతున్నారు. ఉదయం 10 లోపే డబ్బు పోవచ్చు కాబట్టి రెన్యూవల్ రోజున పొద్దున లేచి చూద్దామనుకుంటే ఆలస్యమైనట్టే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లోకి వెళ్లాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్ పైన కనిపించే మన పేరు నొక్కితే ‘సబ్‌స్క్రిప్షన్స్’ వస్తుంది. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు, ఈ ఒక్క అపోహే ఎంతోమంది జేబుకు చిల్లు పెడుతోంది. ఇన్ని తలుపులు తట్టడం కంప్యూటర్ పని తెలిసిన మాకే విసుగు. ఇక కిరాణా కొట్టు బిల్లింగ్ యాప్ తీసుకున్న పెద్దాయన సంగతి చెప్పక్కర్లేదు.

మీ శాఖ ఏదైనా చేసేదాకా మేం వాడే పద్ధతి ఇది. ఒక ఎక్సెల్ షీటు, లేదా పాతకాలపు లాంగ్ నోట్‌బుక్. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక వరస. పేరు, ప్లాన్, ఎంతమందికి, ఏ ఈమెయిల్‌తో తెరిచారు, నేరుగా కొన్నారా యాప్ స్టోర్‌లోనా డీలర్ దగ్గరా, కార్డైతే చివరి 4 అంకెలు, జీఎస్టీతో మొత్తం, రెన్యూవల్ తేదీ. అన్నిటికన్నా ముఖ్యమైన గడి ‘ఆపడానికి ఆఖరి తేదీ’. అదీ, రెన్యూవల్ తేదీ ఒకటి కావు. కంపెనీలకు అమ్మే ఒప్పందాల్లో 30, 60, ఒక్కోసారి 90 రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పాలని ఉంటుంది. ఆ తేదీ దాటాక ఇంకో ఏడాది మెడకు పడినట్టే. ఏడాది ప్లాన్లకు ఆ ఆఖరి తేదీకి 30 రోజులు, 7 రోజులు, 2 రోజుల ముందు ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టాలి, అది కూడా ఇద్దరి ఫోన్లలో. ఖాతాలు ఉద్యోగి సొంత మెయిల్‌తో కాకుండా ఆఫీసుకు శాశ్వతంగా ఉండే ఒక మెయిల్‌తో తెరవాలి. సగం రోగం అక్కడే కుదురుతుంది.

ఫ్రీ ట్రయల్ విషయంలో ఒక మాట. మొదలుపెట్టిన నిమిషంలోనే క్యాలెండర్‌లో గుర్తు పెట్టాలి, గడువుకు 48 గంటల ముందుకు. ట్రయల్‌ను కొందరు రోజుల్లో కాక గంటల్లో లెక్కిస్తారు. తేదీ కూడా వాళ్ల దేశపు గడియారంతో మారుతుంది. అంతర్జాతీయ ప్రామాణిక సమయం ప్రకారం అర్ధరాత్రి అంటే మనకు తెల్లవారుజాము 5:30. ఐఫోన్‌లో తీసుకున్న ట్రయల్స్‌ను కనీసం 24 గంటల ముందే ఆపమని ఆపిల్ కూడా చెబుతుంది.

ఇక మేం అడిగేవి. మొదటిది ముందస్తు కబురు. ఏడాది ప్లాన్లకు అమ్మేవాడే 30 రోజుల ముందు ఒకసారి, 7 రోజుల ముందు ఒకసారి కబురు పెట్టాలి. అందులో సాఫ్ట్‌వేర్ పేరు, ప్లాన్, ఎంతమందికి, పన్నుతో మొత్తం, ఆపడానికి ఆఖరి తేదీ ఉండాలి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం వచ్చే ఎస్సెమ్మెస్‌లోని కారణం గడిలో సాఫ్ట్‌వేర్ పేరు తప్పనిసరి చేయించండి. కార్డు, యూపీఐ, బ్యాంకు ఖాతా మ్యాండేట్లన్నీ ఒకేచోట కనిపించే పేజీ ఒకటి ఇప్పించండి.

రెండోది రద్దు బటన్. జర్మనీలో 2022 జూలై 1 నుంచి వెబ్‌సైట్‌లో వినియోగదారులకు చందాలు అమ్మేవాళ్లు రద్దు బటన్ పెట్టి తీరాలి. మన దగ్గర అది లాగిన్ అక్కర్లేకుండా, కొన్నవాడి బిల్లు నంబరుతోనే పనిచేయాలి. మానేసిన ఉద్యోగి మెయిల్ చిక్కు అప్పుడే విడిపోతుంది. అమెరికాలో ఇలాంటి నిబంధన 2024 అక్టోబర్‌లో ఖరారై 2025 జూలైలో కోర్టులో కొట్టుకుపోయింది. చేయవలసిన ముందస్తు విశ్లేషణ చేయకపోవడమే కారణం. మన నిబంధన రాసేటప్పుడు ఆ కాగితం పని మొదటే పూర్తి చేయమని మనవి.

మూడోది మాకు అన్నిటికన్నా ముఖ్యం. మార్గదర్శకాల్లో సాస్ బిల్లింగ్ అని రాశారు గాని, దాని దెబ్బ ఎక్కువగా తగిలేది ఆఫీసులకు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపార అవసరానికి కొన్నవాడు వినియోగదారుడు కాడు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్నవాడికి మాత్రం మినహాయింపు. అంటే చిక్కడపల్లిలో ఒంటరిగా డీటీపీ చేసుకునే మనిషి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కేసుకు రుసుము కూడా లేదు. అతనే ఇద్దరు పనివాళ్లను పెట్టుకుంటే వినియోగదారుడా కాదా అన్న వాదన మొదలవుతుంది. 9,000 రూపాయల కోసం ఆ వాదనకు లాయరును ఎవరు పెట్టుకుంటారు? అమ్మేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. సూక్ష్మ సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లకు ఈ మినహాయింపు వర్తిస్తుందని స్పష్టం చేస్తూ ఒక వివరణ ఇప్పించండి.

2025 జూన్‌లో డార్క్ ప్యాటర్న్స్‌పై మూడు నెలల్లో స్వీయ తనిఖీ చేసుకోమని ఈ-కామర్స్ వేదికలకు సూచించారు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల తనిఖీలో రెండు అంకెలు విడిగా అడగండి: చేరడానికి ఎన్ని నొక్కులు, ఆపడానికి ఎన్ని నొక్కులు. ఆ పట్టిక మీ శాఖ వెబ్‌సైట్‌లో, తెలుగులో కూడా, అందరికీ కనిపించేలా పెట్టండి.

ఇట్లు,
చిన్న సంస్థల సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, బిల్లులు చూసేవాళ్లం,
హైదరాబాద్